మన కబురు మోసే దూత ఏడీ?

దెయ్యానికి కులం ఉంటుందా అని అడిగితే పెద్దమనుషులు నవ్వుతారు. ఉంటుందనే అంటాం మేము. తెలుగు తెర మీద పగ తీర్చుకునే దెయ్యం ఎక్కువగా మేడలోనే పుడుతుంది. దివాణంలో పెరిగిన అమ్మాయి, తెల్లచీర, మల్లెపూలు, వెనకాల పాట. ఆ దెయ్యానికి ఓ కథుంటుంది, కన్నీళ్ళుంటాయి, ఆఖరి రీలులో న్యాయం కూడా దొరుకుతుంది. మరి వల్లకాట్లో పుర్రె పట్టుకుని కూర్చునేవాడెవడు? వాడికి కథ ఉండదు, ఇంటిపేరు ఉండదు. నల్లటి ఒళ్ళు, జడలు కట్టిన జుట్టు, ఎర్రటి కళ్ళు. వాడు మనవాడే. శవాల పని మన నెత్తిన రుద్దినవాళ్ళే, ఆ శవాల దగ్గర నిలబడ్డ మనిషిని చూపించి వాళ్ళ పిల్లల్ని జడిపిస్తున్నారు.

ఈ గోలంతా ఎందుకంటే, 'దూత' చూశాం. విక్రమ్ కె. కుమార్ తీసిన ఎనిమిది భాగాల సీరీస్. 2023 డిసెంబరు 1న అమెజాన్ ప్రైమ్‌లో వదిలారు. నాగచైతన్య హీరో. అప్పుడెప్పుడో వచ్చినదాని మీద ఇప్పుడు రాయడమేమిటని అడుగుతారేమో. పటమటలో మా వైపు ఒకరు డబ్బు కడితే నాలుగిళ్ళవాళ్ళు చూస్తారు, వంతు వచ్చేసరికి ఇంతే అవుతుంది. ఎనిమిది భాగాల గురించీ రాయబోవడం లేదు. మొదటి భాగం అయ్యాక మా మధ్య రేగిన మాటలు తెల్లారేదాకా తెగలేదు. వాటి గురించే ఇది.

కథ విశాఖపట్నంలో. ఆపకుండా వాన. సాగర్ వర్మ అనే పేరున్న జర్నలిస్టు కొత్త పత్రికకు సంపాదకుడవుతాడు. పెళ్ళాం, కూతురు, కుక్కతో రాత్రిపూట కారులో పోతూ ఓ దాబా దగ్గర ఆగుతాడు. అక్కడ చేతికి ఓ పాత పేపరు ముక్క దొరుకుతుంది. అందులో ఏముందో కాసేపటికి అదే జరుగుతుంది. కారుకు యాక్సిడెంటవుతుంది, కుక్క చచ్చిపోతుంది. ఇక అక్కణ్ణుంచి పేపరు ముక్క కనపడితే చాలు, వీడికి గుండె ఆగినంత పనవుతుంది. పోలీసు ఆఫీసరుగా పార్వతి వస్తుంది, చావులు లెక్కపెడుతూ.

బాగా తీశాడు, కాదనం. వాననే ఓ పాత్ర చేసి నడిపించాడు. పేపరు ముక్కను చూసి భయపడ్డం అనేది మంచి ఊహ. ఎందుకంటే పేపరు ముక్క మనందరికీ తెలిసిన వస్తువు. బడ్డీ కొట్టు దగ్గర పునుగులు పొట్లం కట్టిస్తే, తినడం అయ్యాక నూనె మరకల మధ్య మిగిలిన వార్త చదివినవాళ్ళం మేము. మాలో కొందరికి చదువు ఒంటబట్టింది ఆ పొట్లాల మీదే. వార్త సగంలో తెగిపోయేది. మిగతా సగం ఎవరి పొట్లంలో పోయిందో ఎవరికి తెలుసు! ఆ తెగిన వార్తని పట్టుకుని ఇంత భయం పుట్టించాడంటే తీసినవాడికి పనితనం ఉన్నట్టే. ఈయనే 2009లో '13బి' అని తీశాడు. అందులో టీవీ సీరియల్లో జరిగింది ఇంట్లో జరుగుతుంది. అప్పుడు టీవీ, ఇప్పుడు పేపరు.

కుక్క చచ్చిపోయినప్పుడు మా ఆడపిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడే మాలో ఓ పెద్దావిడ అడిగింది: "ఇంతకీ ఆ పేపరు అచ్చేసిందెవరు?"

సీరీస్ వాళ్ళు దీనికి జవాబు తర్వాత భాగాల్లో చెబుతారు. పాతతరం సంపాదకుడు సత్యమూర్తి అని ఒకాయన (పశుపతి వేశాడు, బాగా వేశాడు), 'దూత' అనే పత్రిక, దానికి జరిగిన ద్రోహం. కలం అమ్ముకున్న జర్నలిస్టుల మీద ఆ పత్రికే పగబడుతుంది. మన హీరో కూడా అమ్ముకున్నవాళ్ళలో ఒకడే. చెడ్డ కథేం కాదు. కానీ ఆ పెద్దావిడ అడిగింది ఈ జవాబు కోసం కాదు. రేపు ఫలానా చోట చావు జరగబోతోందని ముందురోజే తెలియడం ఇంత వింతా, దానికో దెయ్యం కావాలా అని ఆవిడ అడగడం.

కావాలా? కృష్ణ దాటి తెనాలి పక్కకు పోయి చూద్దాం.

చుండూరు. 1991 జులైలో సినిమాహాల్లో ఓ దళిత విద్యార్థి కాలు ముందు కూర్చున్న రెడ్ల కుర్రాడికి తగిలింది. గొడవ అక్కడ మొదలైంది. (ఇప్పుడు ఇళ్ళల్లో చూస్తున్నాం కాబట్టి ఎవరి కాలు ఎవరికి తగిలినా ఫర్వాలేదు. ఓటీటీ చేసిన మేలు ఇదొక్కటే.) తర్వాత ఊరు మొత్తం వాడను వెలేసింది. కూలి పనులు లేవు, కౌళ్ళు లేవు. 144 సెక్షన్ పెట్టారు. పోలీసు క్యాంపు పెట్టారు. అంటే ఏం జరగబోతోందో సర్కారుకు తెలుసు, పోలీసులకు తెలుసు, ఊళ్ళో ప్రతి గడపకూ తెలుసు. ఆగస్టు 6న పోలీసులు ఉండగానే వాడ మీద పడ్డారు. పొలాల వెంట తరిమి తరిమి ఎనిమిది మందిని నరికారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైన్‌లో పారేశారు. ఇందులో అతీంద్రియం ఏముంది? నెల రోజులు ముందే రాసిపెట్టి ఉన్న చావు అది. సాగర్ వర్మకు ఒక్క ముక్క దొరికితే అంత వణికిపోయాడు. చుండూరు గురించి అలాంటి ముక్కలు ఎన్ని ఆఫీసుల బల్లల మీద పడున్నాయో! ఒక్కరూ వణకలేదు.

ఇలాంటి దెయ్యపు నేరకథలు మనకు చేసే మోసం ఇక్కడ ఉంది. కథలో దెయ్యానికి అన్నీ తెలుసు. ఎవడు చంపాడు, ఎప్పుడు చంపాడు, ఏ కత్తితో చంపాడు, ఒక్కటీ మర్చిపోదు. సాక్ష్యం అక్కర్లేదు, పంచనామా అక్కర్లేదు, క్రాస్ ఎగ్జామినేషన్ అసలే లేదు. పోయి పీక పిసుకుతుంది. చూసేవాడికి హాయిగా ఉంటుంది, పాపం పండిందనుకుని పడుకుంటాడు. మన చచ్చినవాళ్ళు అలా రాలేదు. మన బతికున్నవాళ్ళే పోవాల్సి వచ్చింది బోనెక్కడానికి. చుండూరు దళితులు కొట్లాడి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. పదహారేళ్ళకు, 2007 జులై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎవరు ఎవర్ని ఎక్కడ ఏ సమయంలో చంపారో కచ్చితంగా రుజువు కాలేదంది. ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తేవాడు గడియారం చూసుకోవాలన్నమాట. అదే ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

కారంచేడు సంగతీ అంతే. 1985 జులై 17. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెను కడుగుతుంటే ఇదేం పని అని అడిగినందుకు, కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుకున్నందుకు, ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళను చెరిచారు. ఆ కేసులో కళ్ళారా చూసిన సాక్షి దుడ్డు అలీసమ్మ. ఆవిణ్ణే తర్వాత చంపేశారు. సీరీసుల్లో సాక్షి చస్తే దెయ్యమై వచ్చి సాక్ష్యం చెబుతుంది. కారంచేడులో చచ్చిన సాక్షి చచ్చినట్టే. సుప్రీంకోర్టు ఆఖరి మాట చెప్పేసరికి 2008 డిసెంబరు అయింది. ఇరవైమూడేళ్ళు. ఎనిమిది భాగాలు కాదు, ఎనిమిది వందల భాగాలు తీసినా తరగని సీరీస్ ఇది. ఎవడూ తీయడు.

మళ్ళీ పేపరు దగ్గరికి వద్దాం. 'దూత' కోపం ఎవరి మీద? డబ్బు తీసుకుని అబద్ధం రాసినవాడి మీద. అబద్ధం రాసిన పాపం చిన్నదని మేము అనడం లేదు. అంతకన్నా పెద్ద పాపం ఇంకోటుంది, రాయకపోవడం. దానికి ఎవడూ లంచం ఇవ్వక్కర్లేదు. డెస్క్ దగ్గర కూర్చున్నవాడి పుట్టుకే ఆ పని చేసిపెడుతుంది. మేమూ ప్రెస్ నోట్లు మోసినవాళ్ళమే. విజయవాడ పత్రికల ఊరు కదా! 1952లో 'విశాలాంధ్ర' ఇక్కడే మొదలైంది, 1960లో 'ఆంధ్రజ్యోతి' ఇక్కడే మొదలైంది. ఇన్ని అచ్చాఫీసులున్న ఊళ్ళో ఉండి మేము నేర్చుకున్నదేమంటే, మావాళ్ళ మీద పడి కొట్టారని మేము రెండు కాగితాలు రాసి ఇస్తే మర్నాడు లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి: "ఇరువర్గాల ఘర్షణ, పలువురికి గాయాలు". ఏ పత్రిక అన్నది అనవసరం, పేరు మార్చుకుంటే అందరికీ సరిపోతుంది. ఇరువర్గాలట! కొట్టినవాడూ ఓ వర్గమే, దెబ్బలు తిన్నవాడూ ఓ వర్గమే. ఆ నాలుగు లైన్లూ అబద్ధం కాదు, చట్టానికి దొరకదు, ఏ దెయ్యానికీ దొరకదు. సాగర్ వర్మ లాంటివాడు లంచం తిన్నాడు కాబట్టి దొరికాడు. ఈ "ఇరువర్గాలు" రాసినాయన లంచం తినలేదు, మనిషి మంచివాడు కూడానేమో. అలాంటివాడి మీద ఏ విక్రమ్ కుమార్ కథ రాస్తాడు?

ఇది కొత్త సంగతేం కాదు. 1920 జనవరి 31న అంబేద్కర్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టినప్పుడు, డబ్బు కడతాం ప్రకటన వేయండంటే తిలక్ పత్రిక 'కేసరి' వేయలేదు. మూగవాళ్ళ నాయకుడు అని పేరు పెట్టుకున్న పత్రిక పుట్టిందన్న వార్తకే చోటు లేకపోయింది. 1996లో ఢిల్లీలో ఓ అమెరికన్ విలేకరి, దళిత జర్నలిస్టు ఒక్కర్ని చూపించమని బి.ఎన్. ఉనియాల్‌ని అడిగితే, ఆయన అక్రెడిటేషన్ జాబితా ముందేసుకుని వెతికి వెతికి, ఒక్కరూ దొరకలేదని 'పయనీర్'లో రాశాడు. పోనీ పాతకాలం అనుకుందామా? 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్క తీస్తే, వాళ్ళు చూసిన మీడియా సంస్థల్లో పై పదవులు 121. అందులో 106 అగ్రకులాలవి. ఎస్సీ ఎస్టీలవి సున్నా. ఒకటో రెండో కాదు, సున్నా. 'దూత'లో ఓ పత్రికాఫీసు సెట్టు వేశారు, అద్దాలు, కంప్యూటర్లు, కాఫీ కప్పులు, అన్నీ అచ్చుగుద్దినట్టున్నాయి. అందులో మనవాడు ఎవడైనా ఉన్నాడా అని మా కుర్రాళ్ళు వెతికారు. ఎందుకురా వెతకడం, ఆ ఒక్క విషయంలో సీరీస్ నిజమే చూపించింది అన్నాం మేము.

ఇంకో మాట కుక్క గురించి. తప్పు సాగర్ వర్మది, చచ్చింది కుక్క. పెద్దవాడు చేసిన పాపానికి ఇంట్లో నోరులేనిది పోతుంది, చూసేవాళ్ళకు ఇది సహజంగానే కనపడుతుంది. ఎందుకు కనపడదు? పాపం రక్తంలో పారుతుందని, పోయిన జన్మలో చేసినదానికి ఈ జన్మలో మాలవాడివై మాదిగవాడివై పుట్టావని రెండువేల ఏళ్ళుగా వింటున్న చెవులు ఇవి. ఇంగ్లీషువాడు కూడా ఇదే పట్టుకున్నాడు. 1871లో నేరస్థ తెగల చట్టం చేసి, ఎరుకల ఇంట్లో పుట్టిన పిల్లని పుట్టగానే దొంగగా లెక్కగట్టాడు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం అలా వెలిసింది. చట్టం 1952లో పోయింది. సినిమాల్లో మాత్రం స్టువార్టుపురం అంటే ఇప్పటికీ గజదొంగే. నేరం ఒకడు చేస్తాడు, ముద్ర పుట్టబోయేవాడి మీద పడుతుంది. దెయ్యం కథలో ఉన్న తర్కమూ ఇదే, చట్టం పుస్తకంలో ఉన్న తర్కమూ ఇదే.

మేము ఉండే పటమట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దెయ్యాల సంగతిలో ఈ ఊరికో చరిత్ర ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం. 1940లో ముదునూరులో పెట్టి, 1947లో ఇక్కడికి తెచ్చారు. దెయ్యముందని జనం వదిలేసిన ఇంట్లో గోరా కాపురం పెట్టి చూపించాడు. సరస్వతి గోరా కడుపుతో ఉండి గ్రహణం వేళ బయటికొచ్చి నిలబడింది. నిప్పుల మీద నడిచి, ఇందులో మహత్తేం లేదని ఊరూరా చూపించారు. అలాంటి పటమటలో కూర్చుని దెయ్యం సీరీస్ చూసి జడుసుకున్నామా అంటే, కాస్త జడుసుకున్నాం, ఆ వాన అలాంటిది. అయితే దెయ్యం లేదు అనేది మాకు సగం మాటే. దెయ్యం లేదని నిరూపించడానికి ఒక రాత్రి చాలు. దెయ్యం పేరు చెప్పి మనిషిని చంపినవాడి మీద కేసు నిరూపించడానికి ఒక జీవితం చాలదు.

చేతబడి చేశారని చెప్పి పళ్ళు రాలగొట్టడం, చెట్టుకు కట్టి తగలబెట్టడం మన రెండు రాష్ట్రాలకూ తెలియనివి కావు. ఆ నింద పడేది ఎవరి మీద? అరవై ఏళ్ళ ముసలమ్మ మీద, ఊరి చివర గుడిసె మీద, ఆకు పసరు తెలిసినవాడి మీద. పట్నంలో పెద్ద డాక్టరు చేతిలో రోగి పోతే ఆయన్ని ఎవరూ మంత్రగాడనరు కదా! అందుకే అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, ఎస్సీ ఎస్టీ మనిషిని మంత్రగాడని, మంత్రగత్తెని నిందవేసి కొట్టినా, మనసు కష్టపెట్టినా నేరమే అని సెక్షన్ 3(1)(జెడ్‌బి) పెట్టారు. ఈ సెక్షన్ ఉందని మన వాడల్లో ఎంతమందికి తెలుసు? 'విరూపాక్ష' మాత్రం అందరికీ తెలుసు. 2023 ఏప్రిల్లో వచ్చింది, బాగా ఆడింది. చేతబడి నెపంతో ఊరు ఓ జంటను కాల్చేస్తుంది. అయ్యో తప్పు కదా అని మనం అనుకునేలోపు, ఆ చేతబడి నిజంగానే పనిచేస్తుందని రెండు గంటలు చూపిస్తారు. కాల్చినవాడి భయం సరైనదే అని తేల్చాక, కాల్చడం తప్పని చెబితే ఎవడి చెవికెక్కుతుంది? దీనితో పోలిస్తే 'దూత' నయం. కనీసం అందులో భయపడాల్సింది పేదవాడు కాదు, పెద్ద కుర్చీలో ఉన్నవాడు.

అసలు దేవుడి పేరు మీద జరిగే నేరమంటే మాకు తెలిసిన కథ వేరే ఉంది. ఎల్లమ్మ పేరు చెప్పి మాదిగ పిల్లని, మాల పిల్లని జోగినిగా విడవడం. నేరం చేసేవాడు ఊళ్ళో దొర, సంతకం దేవతది. 1988లో దీన్ని చట్టం నిషేధించింది. నిజామాబాదు జిల్లాలో ఆ ఆడవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసింది హేమలత. స్టువార్టుపురంలోనూ పనిచేసింది. ఆవిడ పటమట నాస్తిక కేంద్రానికి కోడలు, 1960లో లవణాన్ని చేసుకుంది. పుట్టిల్లు ఎవరిదనుకున్నారు? జాషువాది.

జాషువా పేరు వచ్చింది కాబట్టి 'దూత' అన్న పేరు దగ్గర ఆగాలి. దూత అంటే కబురు మోసేవాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. నలుడికి హంస దొరికింది. పెద్దింటివాళ్ళకు దూతలు కూడా అందమైనవే దొరుకుతాయి. 1941లో జాషువా తన అరుంధతీసుతుడికి ఏ దూత దొరుకుతుందా అని చూశాడు. గుడిసెలోకి రాత్రిపూట వచ్చేది గబ్బిలం ఒక్కటే. ఆ గబ్బిలం గుడిలోకి పోయి తలకిందులుగా వేలాడితే ఏ పూజారీ మైలపడడు, అదే మనిషి పోతే గుడి మైలపడుతుంది. కాబట్టి నువ్వే పోయి కాశీలో ఈశ్వరుడి చెవిలో నా సంగతి చెప్పు అన్నాడు. ఏ దెయ్యం సినిమా చూడండి, గబ్బిలం ఎగిరిందంటే చెడు జరగబోతోందని గుర్తు. కిటికీలోంచి గుంపుగా లేపుతారు, చూసేవాడు కుర్చీ పట్టుకుంటాడు. అదే గబ్బిలాన్ని మనవాడు ఎనభై ఏళ్ళ కిందటే నమ్మకమైన చుట్టంగా చేసుకున్నాడు. ఊరికి అపశకునమైనది వాడకు దూతయింది. 'దూత' అని పేరు పెట్టుకుని ఎనిమిది భాగాలు తీసినవాళ్ళకు తెలుగులో ఇలాంటి దూత ఒకడున్నాడన్న సంగతి తట్టి ఉంటే వేరే కథ అయ్యేది. గబ్బిలం మోసిన కబురులో పగ లేదు, శాపం లేదు. ఓ ఫిర్యాదు ఉంది. ఫలానావాడు ఆకలితో ఉన్నాడు, ఫలానావాళ్ళు ముట్టుకోనివ్వడం లేదు. మన వాడల్లోంచి తాసీల్దారుకు పోయే అర్జీలో ఇప్పటికీ ఉండేది ఆ ముక్కే.

ఆ అర్జీల గురించే చివరి మాట. మా కుర్రాళ్ళు మిగిలిన భాగాలు కూడా చూసేశారు, బాగుందంటున్నారు, మీరూ చూడండి. చూశాక ఒక పని చేయండి. మీ ఊళ్ళో వెలివేత మీద, శ్మశానం దారి మీద, నీళ్ళ కుళాయి మీద, చేతబడి నింద మీద పోలీస్ స్టేషన్లోనో తాసీల్దారు ఆఫీసులోనో ఇచ్చిన అర్జీల నకళ్ళు తీసి పెట్టండి. స్టేషన్లో నోటితో చెప్పింది రాసుకున్నాక చదివి వినిపించాలి, నకలు వెంటనే ఇవ్వాలి, ఇవన్నీ అట్రాసిటీ చట్టం సెక్షన్ 4లో రాసున్న బాధ్యతలు. కావాలని చేయని ఆఫీసరుకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. నకలు ఇవ్వకపోతే ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు ఇవ్వనన్నారో ఓ కాగితం మీద రాసి, పక్కన ఇద్దరి చేత సంతకం పెట్టించండి. గంట రాయడం మర్చిపోవద్దు, హైకోర్టు అడుగుతుంది. నకలొకటి మీ దగ్గర ఉంచుకుని ఇంకొకటి మాకు పంపండి. అందినవి అందినట్టు, తేదీతో సహా, వచ్చే సంచిక నుంచి వేస్తాం.